అంకెలు అంటని ఫ్యాక్టరీ

టేపు పీకేసరికి మూడు ఊడొచ్చేసింది. నాలుగు సగమే వచ్చింది. సున్నా మాత్రం రాలేదు. ఎందుకంటే అది అసలు అంటుకుంటే కదా!

నూకరత్నం ఆ టేపు ముక్కను కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. నల్లటి ప్లాస్టిక్ నాబ్ మీద ఉండవలసిన తెల్లని అంకెలు టేపు మీద ముచ్చటగా కూర్చుని ఉన్నాయి. నాబ్ మీద మిగిలినవి అమ్మవారు పోసిన మొహంలా గుంటలు పడి ఉన్నాయి.

"ఎన్నోదే రత్నం?" వెనకనుంచి ఫోర్‌మన్ గౌరునాయుడు అడిగాడు.

"పదిట్లో ఏడోదండి."

"నిన్న?"

"నిన్న ఐదు. మొన్న మూడు."

"అంటే రేపటికి తొమ్మిదేటి?"

"తొమ్మిదండి. ఎల్లుండికి పది దాటిపోతాది."

"పదిట్లో పది దాటడం ఎలాగే?"

"మన దివాకరంగారు తల్చుకుంటే దాటిస్తారండి."

గౌరునాయుడు నవ్వబోయి ఆగిపోయాడు. గుమ్మం దగ్గర బూట్ల చప్పుడయింది.

గాజువాక దాటాక పారిశ్రామికవాడ చివర్లో ఉంటుంది కోస్తా విద్యుత్ ఉపకరణాల సంస్థ. సర్కారువారిది. అక్కడ తయారయ్యేది ఫ్యాన్ రెగ్యులేటర్లు. జూన్‌లో బడులు తెరిచేసరికి జిల్లాలో ప్రతి తరగతి గదికీ కొత్త రెగ్యులేటరు బిగించాలని పైనుంచి ఆర్డరు. నాబ్ మీద సున్నా నుంచి ఐదు దాకా అంకెలు అచ్చువెయ్యడం నూకరత్నం పని. ఉక్కు పలక మీద అంకెల ఆకారంలో సన్నటి గాట్లు ఉంటాయి. వాటిలో ఇంకు నిండుతుంది. జామకాయంత మెత్తటి సిలికాన్ ప్యాడ్ కిందికి దిగి, ఆ ఇంకును పెదవితో అద్దినట్టు ఎత్తుకుని, పక్కనున్న నాబ్ మీద అద్ది పైకి లేస్తుంది. రెండు సెకన్ల పని. పదకొండేళ్లుగా ఆ రెండు సెకన్లే నూకరత్నం బతుకు. అదీ కాంట్రాక్టు మీద.

ఆమె పర్మనెంటు ఫైలు పదకొండేళ్ల తర్వాత ఇన్నాళ్లకి ఎండీగారి బల్లమీదికి చేరింది. శనివారం సంతకం అవుతుందన్నారు. సరిగ్గా ఈ వారమే అంకెలు రాలడం మొదలుపెట్టాయి.

నాణ్యతా విభాగం డిప్యూటీ మేనేజరు దివాకరం లోపలికి వచ్చి, ఆమె చేతిలోని టేపు వంక కూడా చూడకుండా ఒక కాగితం చాపాడు.

"లోప నిర్ధారణ పత్రం. సదరు లోపానికి బాధ్యులెవరో నిగ్గు తేల్చవలసి ఉన్నది."

"ఒక్కోటీ మార్చి సూస్తే తెలుస్తాదండి," అంది నూకరత్నం. "ముందు ఇంకులో కలిపే థిన్నర్ మారుస్తాను, మిగతావేటీ కదపను. తేడా నేకపోతే దాన్ని ఎప్పట్లాగే పెట్టేసి ప్యాడ్ మారుస్తాను. అదీ కాకపోతే ఇంకు. రెండ్రోజులు ఇప్పించండి."

"ఒక్కొక్కటా? అంతటి తాత్సారం సంస్థ భరించజాలదు. అన్నింటినీ ఏకకాలంలో, యుద్ధప్రాతిపదికన మార్చుతాం. ఆరు ఉపసంఘాలు ఇప్పటికే ఏర్పాటైనవి."

"అన్నీ ఒక్కసారే మార్చేస్తే ఏది కారణమో ఎలా తెలుస్తాదండి?"

దివాకరం ఆమెను జాలిగా చూశాడు.

"కారణం తెలుసుకొనుట మా పరిధిలోనికి రాదమ్మా. బాధ్యులను తెలుసుకొనుట మాత్రమే మా పరిధి. ఇదిగో, తొమ్మిదో గడి. దోషి పేరు. శనివారం పదకొండు గంటలకు ఎండీగారి సమక్షంలో ఈ గడి నింపబడును. అప్పటికి పేరు లభ్యం కాని పక్షంలో, మిషను మీదనున్న ఆపరేటరునే దోషిగా పరిగణించడం జరుగుతుంది."

"అంటే నన్నేనాండి?"

"వ్యక్తిగతంగా తీసుకోవద్దు. ఇది కేవలం ఒక గడి."

ఆయన వెళ్లిపోయాడు. అదే శనివారం, అదే బల్ల, బహుశా అదే పెన్ను. ఒక కాగితం మీద సంతకం పడితే పర్మనెంటు. పక్క కాగితం మీద పేరు పడితే గేటు బయట.

"ఒలే రత్నం," అన్నాడు గౌరునాయుడు మెల్లిగా, "నీకు నాలుగు రోజులున్నాయి."

"నాలుగు కాదండి. ఇయ్యాల అయిపోనాది. మూడే."

*

ఆ ఫ్యాక్టరీ గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పుకోవాలి. అది మెరుస్తుంది.

మేనేజింగ్ డైరెక్టర్ విభూతి పరాంకుశరావుగారు కిందటేడు ఏదో సదస్సుకు వెళ్లివస్తూ ఒక విమానాశ్రయంలో చేతులు కడుక్కున్నారు. అక్కడి నల్లరాతి గట్టు మీద తన ముఖం స్పష్టంగా కనిపించింది. ముఖం కనిపించడం వింత కాదు. ఆ ముఖంలో ఆయనకు తన సంస్థ భవిష్యత్తు కనిపించడం వింత. తిరిగొచ్చిన మర్నాడే 'దర్పణ పథకం' వెలువడింది. సర్క్యులర్‌లో మొదటి వాక్యం ఇది:

"సంస్థ ప్రాంగణమునందలి ఏ ఉపరితలమునందైనను తనిఖీ అధికారి తన ముఖమును నిరాటంకముగా వీక్షించుకొనగలిగి ఉండవలెను."

నాలుగో క్లాజు ప్రకారం ఎవరు ఏ తనిఖీకి వచ్చినా, వచ్చే అరగంట ముందు ఆ హాల్లోని ఉపరితలాలన్నింటికీ మెరుగు పెట్టాలి. అందుకు 'మెరుపు దళం' ఏర్పడింది. దళం అంటే పైడితల్లి ఒక్కతే. స్వీపరు. ఆమెకో బుట్టెడు స్ప్రే డబ్బాలు, కారు డ్యాష్‌బోర్డుకి కొట్టేవి, ఇచ్చారు. ఆమె బుస్సుమని కొట్టి, గుడ్డతో తుడిచి, మళ్లీ కొట్టేది. మిషన్లు మెరిశాయి. బల్లలు మెరిశాయి. గుమ్మం దగ్గరి క్రోటన్ మొక్క ఆకులు కూడా మెరిశాయి, మూడు రోజుల తర్వాత రాలిపోయాయి.

అధికారులు జేబులో దువ్వెన పెట్టుకుని తనిఖీకి వచ్చేవారు. మిషను మూతలో చూసుకుంటూ పాపిడి సరిచేసుకోగలిగితే 'పాస్'. కిందటి వారం ఆడిటు బృందం నాబ్‌ను కూడా ఉపరితలంగానే పరిగణించి, దానిలో తొంగిచూసి, "ఒక కన్ను మాత్రమే గోచరించినది. పాక్షిక అనుసరణ" అని రాసిపోయింది. ఆనాటినుంచి నాబ్‌లు పేర్చిన ట్రేలకు కూడా స్ప్రే కొట్టసాగారు.

ఇదంతా నూకరత్నం చూస్తూనే ఉంది. గుడి గంట రోజూ వినేవాడికి గంట వినపడనట్టు, ఆ బుస్సుమనే చప్పుడు ఆమెకు వినపడడం మానేసింది. తప్పు అక్కడే జరిగింది.

*

బుధవారం ఆరు ఉపసంఘాలూ ఒక్కసారే దిగాయి.

ఆర్ద్రతా ఉపసంఘం గోడకు తేమ కొలిచే గడియారం తగిలించి, గాలిలో తేమ మితిమీరి ఉందని, అందుకు బంగాళాఖాతమే ప్రాథమికంగా బాధ్యత వహించవలసి ఉంటుందని తేల్చింది. సంజాయిషీ నోటీసు కూడా తయారయింది. కానీ పిన్‌కోడ్ లేదని తపాలా సెక్షన్ వెనక్కి పంపేసింది.

సిరా ఉపసంఘం తెల్ల ఇంకు డబ్బాలు తీసేసి కొత్తవి పెట్టింది. అదే నిమిషంలో ద్రావణ ఉపసంఘం థిన్నర్ మార్చింది. అదే నిమిషంలో వేగ ఉపసంఘం మిషను వేగం తగ్గిస్తే, ఉత్పాదకతా ఉపసంఘం పెంచింది. ఇద్దరూ ఒకే మీట దగ్గర నిలబడి "తమరు కానివ్వండి" "లేదు, తమరే ముందు" అని మర్యాదగా దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే, ప్యాడ్ మూర్ఛ వచ్చినవాడిలా కొట్టుకుంది.

అన్నింటికన్నా తెలివైనది ప్యాడ్ ఉపసంఘం. ఇంకు ఎత్తుకోవడం, దించడం రెండూ ప్యాడ్ పనే కాబట్టి, ప్రథమ దృష్ట్యా అదే ముద్దాయి అంది. దానికి సంస్థలో ఆస్తి నంబరు ఉంది కనక ఉత్తర్వు జారీ చెయ్యడానికి అడ్డేమీ లేకపోయింది.

దివాకరం పైకి చదివాడు: "ప్యాడ్ నంబరు పదిహేడును తక్షణమే సస్పెండు చేయడమైనది. విచారణ ముగియువరకు సదరు ప్యాడ్ ముందస్తు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్లరాదు."

"ఎక్కడికీ ఎల్లదండి," అన్నాడు గౌరునాయుడు వినయంగా. "దానికి కాళ్లు నేవు."

"హామీపత్రం మీరు సంతకం చేస్తారా?"

గౌరునాయుడు సంతకం చేశాడు.

ఆ రోజు ఆరు ఉపసంఘాలు రెండేసి సార్లు వచ్చాయి. అంటే పన్నెండు తనిఖీలు. అంటే పన్నెండుసార్లు మెరుపు దళం. సాయంత్రానికి పైడితల్లి చూపుడువేలు బొబ్బలెక్కింది.

పదిట్లో తొమ్మిది పోయాయి.

"సూసినారా, నాను అన్నట్టే అయ్యిందండి," అంది నూకరత్నం.

"నీ నోట్లో ఏటుందే తల్లీ," అన్నాడు గౌరునాయుడు. "పోనీ, ఎల్లుండికి ఒక్కటీ పోదని అనేసి సూడు."

*

గురువారం ఒక అద్భుతం జరిగింది. ఏమీ జరగలేదు.

ఎండీగారు రాజధానిలో సమావేశానికి వెళ్లారు. ఆయన లేనప్పుడు తనిఖీ చేసి ప్రయోజనమేమిటని ఆరు ఉపసంఘాలూ క్యాంటీన్లో విశ్రాంతి తీసుకున్నాయి. హాల్లో నూకరత్నం, గౌరునాయుడు, ఒక మూల వేలికి పసుపు పెట్టుకుంటూ పైడితల్లి మిగిలారు.

నూకరత్నం ముందు మిషను శుభ్రం చేసింది. పలక తుడిచింది. అధికారులు తిప్పిన మీటలన్నీ తన చేతికి అలవాటైన చోటికి తెచ్చింది. పాత ఇంకు, పాత థిన్నర్ తెప్పించింది. కొత్త ప్యాడ్‌ను స్పిరిట్‌తో తుడిచి బిగించింది. పాత ట్రేలోంచి పది నాబ్‌లు తీసి అచ్చేసింది. గంటసేపు వేడిగాలి పెట్టెలో ఆరబెట్టి టేపు వేసి పీకింది.

ఎనిమిది పోయాయి.

మధ్యాహ్నం మౌల్డింగ్ షెడ్డునుంచి కొత్త ట్రే వచ్చింది. అందులోంచి పది తీసింది. అచ్చు, వేడిగాలి, టేపు.

ఒకటే పోయింది.

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇంకు అదే. థిన్నర్ అదే. ప్యాడ్ అదే. చెయ్యి అదే. మారింది నాబ్ ఒక్కటే. అది కూడా అదే ప్లాస్టిక్, అదే అచ్చులో పోసింది. తేడా అల్లా ఒకటి నిన్నంతా ఈ హాల్లో ఉంది, రెండోది లేదు.

"నాయుడుగారూ! మౌల్డింగ్ షెడ్డులోంచి వేడివేడిగా దిగినవి ఓ పది కావాలండి. గాలి తగలకుండా."

"నీ టిఫిన్ డబ్బా ఉంది కదేటి?"

"దాంట్లో ఆవకాయ నూనె ఉంటాదండి. కొత్త పాలిథిన్ కవరు పట్టుకెళ్లి, మూతి కట్టి తెండి."

ఆయన వెళ్లివచ్చేలోగా ఆమె నిన్నటి ట్రేలోంచి ఇంకో పది తీసింది. వాటిని మాత్రం స్పిరిట్ గుడ్డతో ఒక్కొక్కటీ ఒళ్లు రుద్దినట్టు రుద్దింది. ముప్పై నిమిషాల తర్వాత రెండు వరసలు సిద్ధమయ్యాయి. గంట ఆగి టేపు వేసింది. గౌరునాయుడు కళ్లు మూసుకున్నాడు.

"పీకేసినావా?"

"పీకేసినానండి."

"ఎన్ని పోనాయి?"

"కళ్లు తెరిసి సూడండి."

కవర్లో తెచ్చిన పదీ నిలబడ్డాయి. రుద్దిన పదీ నిలబడ్డాయి. ఇరవై సున్నాలు, ఇరవై మూళ్లు, గోరుతో గీకినా కదలడం లేదు.

"అయితే ఈ హాల్లో ఏదో ఉన్నాదండి. నాబ్‌ల మీద వాల్తాది. కంటికి కనపడదు. స్పిరిట్‌కి పోతాది." నూకరత్నం చుట్టూ చూసింది. మెరుస్తున్న బల్ల. మెరుస్తున్న గోడ. మెరుస్తున్న ట్రే. మూల బుట్టలో డబ్బాలు. చరచరా వెళ్లి ఒకటి చేతిలోకి తీసుకుంది. వెనక సన్నటి అక్షరాలు. మూడో వరసలో ఆగిపోయింది.

"ఇందులో సిలికాన్ నూనె ఉన్నాదండి."

"అయితే? ప్యాడ్ కూడా సిలికానే కదా?"

"అదేనండి. సిలికాన్ మీద ఇంకు అంటదు. అంటదు కాబట్టే ప్యాడ్ ఎత్తిన ఇంకు మొత్తం కిందకి వదిలేస్తాది. ఇప్పుడు నాబ్ మీద కూడా సిలికానే పూసేస్తే, ఇంకు ఎక్కడ నిలబడతాది? చేమాకు మీద నీళ్లలాగ జారిపోతాది."

గౌరునాయుడు నోరు తెరిచాడు. తర్వాత నెమ్మదిగా లెక్క కట్టాడు.

"అంకెలు పోనాయని తనిఖీ. తనిఖీ అని స్ప్రే. స్ప్రే కొట్టినారని అంకెలు పోనాయి. పోనాయని మళ్లీ తనిఖీ... ఓరి నాయనో! ఎతకడానికొచ్చినోళ్లే తెచ్చి పడేస్తన్నారేటే!"

*

శుక్రవారం పొద్దున్నే దివాకరం గదిలో నూకరత్నం ఇరవై నాబ్‌లు, స్ప్రే డబ్బా బల్లమీద పెట్టి అంతా చెప్పింది. ఆయన మొదటిసారి శ్రద్ధగా విన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"అద్భుతం. అమోఘం. అయితే స్ప్రే కొట్టుటయే లోపమునకు మూలమన్నమాట."

"అవునండి. కొట్టడం ఆపేస్తే చాలండి."

"ఆపడమా? ఆ ప్రస్తావన ఎందుకొచ్చింది? దర్పణ పథకం అమలులో ఉన్నది. మనకు కావలసింది పేరు. కొట్టినదెవరు?"

నూకరత్నం డబ్బాను తన వైపు లాక్కుంది.

"పైడితల్లండి. కానీ ఆవిడ..."

"పై-డి-త-ల్లి," అని రాసుకున్నాడు దివాకరం. "స్వీపరు. సబబే."

"ఆవిడకి కొట్టమని సెప్పినారండి! సర్క్యులర్ ఉన్నాది!"

"చూడమ్మా. ఆదేశం ఎన్నడూ తప్పు చేయదు. అమలు తప్పు చేస్తుంది. ఉత్తర్వులో 'మెరుగు పెట్టవలెను' అని ఉన్నది. 'అంకెలు రాలునట్లు మెరుగు పెట్టవలెను' అని ఎక్కడైనా ఉన్నదా?"

నూకరత్నం నాబ్‌లు ఏరి కవర్లో వేసుకోసాగింది.

"రేపు లోపాన్ని కనుగొన్న వ్యక్తి హోదాలో మీరే అందరి ముందూ దోషి పేరు బిగ్గరగా ఉచ్చరించాలి. నియమం. ఆ వెంటనే మీ పర్మనెంటు ఫైలు మీద సంతకం. నేనే స్వయంగా పేజీ తిప్పి అందిస్తాను." ఆయన గొంతు తగ్గించాడు. "ఆవిడ పేరు చెప్పకపోతే, గడి ఖాళీగా ఉండడానికి వీల్లేదు కదా? అప్పుడు ఎవరి పేరు వస్తుందో మీకు తెలుసు."

బయట మెట్ల మీద పైడితల్లి కూర్చుని ఉంది. లోపలి మాటలన్నీ వినపడినట్టున్నాయి.

"సెప్పేయ్, రత్నమ్మా," అంది తల ఎత్తకుండా. "నాను కొట్టినమాట నిజమే కదా. ఈ ఏలుతోనే కొట్టినాను."

"ఊరుకో, పైడప్పా."

"నీకు పదకొండేళ్లు. నాకు ఇంకో రెండేళ్ల సర్వీసు ఉంటే ఎక్కువ. ఏ మేడలోనో అంట్లు తోముకుంటాను."

"ఊరుకోమన్నానా!"

పైడితల్లి బొబ్బలెక్కిన వేలిని చీరకొంగులో దాచుకుంది. ఆ దాచుకోవడం చూశాక నూకరత్నానికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

*

శనివారం పదకొండు.

సాక్షాత్తూ ఎండీగారే వస్తున్నారు కనక ఈసారి నాలుగో క్లాజు నిలువెల్లా అమలయింది. దివాకరం దగ్గరుండి కొట్టించాడు. బల్లలు, గోడలు, ట్రేలు అయ్యాక నాబ్‌లకు విడివిడిగా కొట్టించాడు. పలకకు కొట్టించాడు. చివరికి ప్యాడ్ కళ కోల్పోయి ఉందని దానిక్కూడా రెండుసార్లు కొట్టించాడు. కారణం తెలిసిన రెండో రోజున, కారణం తెలిసిన మనిషి పర్యవేక్షణలో, కారణాన్ని డబ్బాలకొద్దీ కుమ్మరించారు.

పరాంకుశరావుగారు లోపలికి వచ్చారు. ముందు మిషను మూతలో మీసం చూసుకున్నారు. తర్వాత బల్లలో. తర్వాత ప్యాడ్ దగ్గర వంగి, అక్కడ కూడా తన ముఖం గుండ్రంగా కనిపించేసరికి పులకించిపోయారు.

"భేష్! ఇదీ నేను కలలుగన్న కర్మాగారం. ఏదీ, ముద్రణ ప్రారంభించండి."

నూకరత్నం మీట నొక్కింది. ప్యాడ్ దిగింది, లేచింది, పక్కకి జరిగింది, దిగింది, లేచింది. నాబ్ ధగధగా మెరుస్తోంది. దానిమీద అంకెల్లేవు. ఒకటి, రెండు, ఐదు, పది నాబ్‌లు వెళ్లాయి. ఒక్కదానిమీదా చుక్క ఇంకు లేదు.

"అంకెలేవీ?" అన్నారు ఎండీగారు.

"అంకెల విషయంలో స్వల్ప వెనుకబాటు ఉన్నది సార్," అన్నాడు దివాకరం. "మెరుపు మాత్రం నూటికి నూరు శాతం."

నూకరత్నం ఎవర్నీ అడగలేదు. స్పిరిట్ గుడ్డతో ప్యాడ్‌ను, పలకను తుడిచింది. పొద్దున్న మౌల్డింగ్ షెడ్డునుంచి మూతి కట్టి తెచ్చుకున్న కవరు విప్పింది. నాబ్ పెట్టింది. మీట నొక్కింది.

సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. పాలతో రాసినట్టు పడ్డాయి.

హాల్లో గుసగుసలు లేచాయి. ఎండీగారు ఒక చేత్తో ఆ నాబ్, ఇంకో చేత్తో అంకెల్లేని నాబ్ పట్టుకుని చూశారు.

"ఈ తారతమ్యానికి హేతువు?"

"స్ప్రే, సార్," అన్నాడు దివాకరం ముందుకొచ్చి. "మెరుగు పెట్టుటలో జరిగిన ఘోరమైన అలక్ష్యం. దోషిని గుర్తించడమైనది. నియమానుసారం ఈ ఆపరేటరు పేరు ప్రకటిస్తుంది."

మెరుపు దళం గోడకానుకుని నిలబడి ఉంది, చేతిలో డబ్బాతో. బల్లమీద రెండు కాగితాలు. ఒకటి తొమ్మిదో గడిది. రెండోది నూకరత్నానిది. పెన్ను మూత తీసి ఉంది.

"సెప్పడానికి ముందు ఒక్క మాట అడగొచ్చాండి?" అంది నూకరత్నం.

"అడుగమ్మా," అన్నారు ఎండీగారు ఉదారంగా.

"ఈ దర్పణ పథకం ఆఫీసులో ఎవరో రాసిస్తే తమరు ఊరికే సంతకం పెట్టినారని కింద అనుకుంటన్నారండి. నిజమేనాండి?"

పరాంకుశరావుగారి మీసం అదిరింది.

"ఎవరన్నారా మాట? ఆ పథకం నా మానసపుత్రిక! అందులో ప్రతి అక్షరం నాది. ఇతరుల ప్రమేయం ఆవగింజంత లేదు!"

"స్ప్రే డబ్బా మాత్రం స్టోర్సువాళ్లు ఎంచినారంటండి."

"అబద్ధం! పదకొండు రకాలు తెప్పించి నా కారు మీద స్వయంగా పరీక్షించి ఎంపిక చేశాను."

దివాకరం దగ్గాడు. ఎండీగారు పట్టించుకోలేదు.

"ట్రేల మీద కూడా కొట్టాలని తమరే సెప్పినారాండి?"

"'ఏ ఉపరితలమునందైనను' అని రాశాను కదా! ట్రే ఉపరితలం కాదా?"

దివాకరం ఇంకా గట్టిగా దగ్గాడు. గౌరునాయుడు ఆయనకు మంచినీళ్ల గ్లాసు అందించి, గ్లాసు వదలకుండా అలాగే పట్టుకున్నాడు. తాగుతున్న మనిషికి మాట్లాడే వీలు లేకపోయింది.

"నాబ్‌లూ, ప్యాడూ?"

"నా సర్క్యులర్‌లో మినహాయింపు అనే పదమే లేదమ్మా! ఈ హాల్లో పడిన ప్రతి తుంపరా నా ఆజ్ఞ ప్రకారం పడినదే. అందుకు నేను గర్విస్తున్నాను."

"ఇంతమంది ఇన్నారండి," అంది నూకరత్నం.

ఆరు ఉపసంఘాలూ తలలూపాయి. ఎండీగారు ఏమన్నా ఊపే అలవాటు కొద్దీ ఊపాయి.

"ఇక ఆ దోషి ఎవరో చెప్పు. అంకెలు రాల్చి, నా పథకానికి మచ్చ తెచ్చిన ఆ వ్యక్తి పేరు ఈ హాలంతా వినాలి. దివాకరం, రాసుకో."

దివాకరం గ్లాసులోంచి మూతి విడిపించుకుని, పెన్ను పట్టుకున్నాడు. ఏం జరగబోతోందో ఆయనకు అర్థమైపోయింది. అయినా ముప్పై ఏళ్ల అలవాటు నోటిని ఆగనివ్వలేదు.

"పేరు, ఇంటిపేరు, హోదా, తండ్రి పేరు. అదే వరుసలో. బిగ్గరగా."

నూకరత్నం ఒకసారి తన ఫైలు వంక చూసింది. పదకొండేళ్ల కాగితాలు, ట్యాగు కట్టి ఉన్నాయి. తర్వాత పైడితల్లి వంక చూసింది. ఆమె కళ్లు మూసుకుని ఉంది, దెబ్బ ఎప్పుడు పడుతుందా అన్నట్టు.

మిషను ఆపేసింది నూకరత్నం. హాలు చివరిదాకా వినపడాలి కదా.

"పేరు పరాంకుశరావుగారండి. ఇంటిపేరు విభూతి. హోదా మేనేజింగ్ డైరెక్టరు. తండ్రి పేరు నాకు తెలీదండి, తమరే సెప్పాలి."